పులి పట్టుకు పైఎత్తు

జకార్తా, తనహ్ అబాంగ్
1975 మార్చి 9

మావయ్యకు అస్నిమార్ సలాములు.

ఓడ దిగి పన్నెండు రోజులైనా నా కడుపులో సముద్రం ఇంకా ఊగుతూనే ఉంది. పిన్ని హోటల్లో పనిలో కుదిరాను. మన పడాంగ్ అన్నం తినడానికి ఊరంతా ఇక్కడే ఎగబడుతుంది. ఒక్క చేతి మీద పన్నెండు పళ్ళాలు పేర్చుకుని కూర ఒలకకుండా నడవాలి. మూడో రోజుకే నాకు పట్టుబడింది. పిన్ని నోరు తెరిచింది. మీరు నన్ను వాన కురిసిన గట్టు మీద నెత్తిన నీళ్ళ కుండతో నడిపించిన సంగతి ఆవిడకేం తెలుసు!

మీరు కోప్పడనంటే ఒక మాట. హోటల్ వెనక సందులో బాబే ముహ్తార్ అనే తాత సాయంత్రాలు సాము నేర్పుతాడు. బెక్సి అంటారు దాన్ని. సందు ఎంత ఇరుకంటే ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకి ఆనుకోవాలి. అందుకని వీళ్ళకి కాళ్ళు చాచే పని లేదు. పిడికిలి వెల్లకిలా పట్టి గుద్దుతారు, ఇంకా దగ్గరికొస్తే మోచేత్తో పొడుస్తారు. అంతా జానెడు దూరంలోనే తేలిపోతుంది. నా అడుగులు చూసి తాత పడీపడీ నవ్వాడు. “ఏమ్మా, కాలికింద బురద ఉందనుకుంటున్నావా? ఇది జకార్తా తల్లీ. ఇక్కడ నేల జారదు, మనుషులే జారిపోతారు” అన్నాడు. నేను చేరాను.

ఇంకొకటి. నేను అన్నం వడ్డించడానికే ఇంత దూరం రాలేదు. ఒకతన్ని వెతుకుతున్నాను. ఏడేళ్ళుగా నా మనసులో ఉన్నవాడు. దొరికితే ఇక వదలను. అమ్మకి అప్పుడే చెప్పకండి.

మీ మేనకోడలు
అస్నిమార్


కోటో రావాంగ్, పాయకుంబుహ్
1975 మార్చి 30

అస్నీ,

చెప్పకండి అన్నావు. నీ ఉత్తరం చదువుతున్నప్పుడు మీ అమ్మ నా ఎదురుగానే కూర్చుని ఉంది. నా మొహం చూసి “ఏంట్రా తమ్ముడూ, ఆ ముసిముసి నవ్వు?” అంది. చెప్పక తప్పలేదు. అప్పట్నించి మూడు కొబ్బరికాయలు తురిమి రెండంగ్ వండింది. మాంసం నల్లబడేదాకా వేయించి డబ్బాలో పెట్టి పంపుతోంది, నువ్వొక్కదానివే తినకు, అతనికీ పెట్టు.

ఎవరే ఆ పిల్లాడు? మన కులం కాదు కదా? మన కులంవాడైతే, ఒకే తల్లి వంశం కాబట్టి అన్న వరస అవుతాడు, పెళ్ళి కుదరదు, ముందే చెబుతున్నా. వేరే కులమైతే పేరు రాయి. తాంబూలం పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళి అడగాల్సింది మేనమామనైన నేనే కదా, మంచి టోపీ ఒకటి కొనిపెట్టుకుంటాను. ఏడేళ్ళంటే నీకు పదకొండేళ్ళప్పట్నించీ అన్నమాట! నీకంటే ముదురు ఎవరుంటారే.

బెక్సి నేర్చుకో, తప్పులేదు. ప్రతి సామూ అది పుట్టిన నేలని బట్టే ఉంటుంది. వాళ్ళకి సందులు, మనకి జారే గట్లు. అందుకే మనం మోకాళ్ళు వంచి, నేలని అడిగి అడుగేస్తాం. సముద్రం ఒడ్డువాళ్ళు ఇసుకలో ఇంకా కిందికి దిగి పులిలా పాకుతారు. కానీ ఒకటి గుర్తుపెట్టుకో. మన తాలింఖానాలో అడుగుపెట్టేటప్పుడు తెల్లబట్ట, కోడిపుంజు, కత్తి, మిరపకాయలు నా ముందు పెట్టావు. కత్తి దేనికని అడిగితే ఏం చెప్పాను? “నీ నాలుక కంటే నీ చెయ్యి పదునెక్కితే, ఈ కత్తి నీ మీదికే తిరుగుతుంది” అన్నాను.

జాగ్రత్త తల్లీ. పేరు రాయడం మరవకు.

మీ మావయ్య
బుర్హాన్


జకార్తా
1975 ఏప్రిల్ 21

మావయ్యా,

రెండంగ్ అందింది. ఒక్క ముక్క కూడా నాకు మింగుడుపడలేదు. హోటల్లో అందరికీ పంచేశాను.

నేను వెతుకుతున్నది పెళ్ళికొడుకుని కాదు. రుస్లిని.

అవును, మీ శిష్యుడు రుస్లినే. అన్న మహ్యుదిన్‌ని చంపిన రుస్లిని. మీరు టోపీ కొనేశారేమో, తిరిగిచ్చేయండి.

ఆ రోజు పెద్దలందరి ముందు ప్రదర్శన. గంటల వాద్యం మోగుతోంది. నేను అమ్మ పక్కన కూర్చుని ఉడికించిన వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాను. అన్న నవ్వుతున్నాడు. రుస్లి నేలకి అతుక్కుని పులిలా పాకి అన్న మడమ పట్టుకున్నాడు. మోకాలి వెనక భుజంతో తోశాడు. అన్న వెనక్కి విరుచుకుపడ్డాడు, గోదా అంచున రాయికి తల తగిలింది. మూడు రోజులు గొంతులో గురగురమంటూ బతికాడు. రుస్లి మాత్రం ఆ సాయంత్రమే ఊరు దాటాడు.

తర్వాత రుస్లి వాళ్ళవాళ్ళు దున్నపోతుని కోసి ఊరికి పెట్టారు. పెద్దమనుషులు తిన్నారు. మీరూ తిన్నారు. “ఇక పగ లేదు” అని మీ నోటితోనే అన్నారు. నేను ఆ కూర ముట్టలేదు. నాకు పదకొండేళ్ళు. ఆ మర్నాడే మీ కాళ్ళు పట్టుకుని సాము నేర్పమన్నాను. ఎందుకనుకున్నారు?

హోటల్‌కి వచ్చే లారీ డ్రైవర్ ఒకతను విరిగిన చెయ్యి కట్టించుకోవడానికి బోగోర్ దగ్గర చిమాందే వెళ్ళాడట. అక్కడ మన మాట మాట్లాడే మనిషి కట్టు కట్టాడని చెప్పాడు. ఎడమ చెవి సగం లేదట. ఇంకెవరు?

వచ్చే వారం వెళ్తున్నాను. మీరు నాకు అన్నీ నేర్పారు కానీ ఆ పులి పట్టుకు పైఎత్తు నేర్పలేదు. ఎన్నిసార్లు అడిగినా మాట దాటేశారు. ఇప్పుడు రాసి పంపండి. మిగిలింది నేను చూసుకుంటాను.

అస్నిమార్


కోటో రావాంగ్
1975 మే 6

అస్నీ,

వెళ్ళకు. ఈ ఉత్తరం అందేసరికి నువ్వు బయల్దేరి ఉంటే వెనక్కి రా. మేనమామగా ఆజ్ఞాపిస్తున్నాను, గురువుగా ఆజ్ఞాపిస్తున్నాను.

ఊరంతా కూర్చుని తెంచిన పగ అది. దాన్ని నువ్వొక్కదానివీ మళ్ళీ తోడకూడదు. ఆ రోజు తప్పు ఒక్కడిది కాదు. ఇంతకంటే రాయలేను.

పైఎత్తు రాయను. కాగితం మీద నేర్చుకునేది కాదు అది.

మీ అమ్మకి ఏమీ చెప్పలేదు. కుట్టు మిషన్ దగ్గర కూర్చుని నీ పెళ్ళికని ఏదో కుడుతోంది. అటు చూడలేకపోతున్నాను.

మావయ్య


చిమాందే
1975 జూన్ 15

మావయ్యా,

మీ ఉత్తరం పిన్ని పంపింది. “తప్పు ఒక్కడిది కాదు” అని రాశారు. అంటే చచ్చినవాడిది కూడా అంటారా? అన్న నవ్వడం తప్పా? మీకు పిరికితనం ఉందని నాకు తెలీదు. చచ్చిన మేనల్లుడి మీద కూడా ఇంత మన్ను పోయగలరని అసలే తెలీదు.

వాడు ఇక్కడే ఉన్నాడు. నేను పేరు మార్చి చెప్పాను. నన్ను గుర్తుపట్టలేదు. వాడు చూసిన అస్నీ పదకొండేళ్ళ పిల్ల.

ఎముకలు అతికే అబాహ్ ఎమాన్ ఇంట్లో ఆడవాళ్ళతో కలిసి మూలికల నూనె కాస్తున్నాను. సాయంత్రం సాము. వీళ్ళ పద్ధతి మీరు చూడాలి. ఇద్దరు నేల మీద మోకాలికి మోకాలు తగిలేలా ఎదురెదురుగా కూర్చుంటారు. లేవడం లేదు, గెంతడం లేదు. ఒకడు కొడతాడు, ఇంకొకడు ముంజేత్తో అడ్డుకుంటాడు. ఎముకకి ఎముక తగిలి వెదురు పగిలినట్టు టకటకమంటుంది. గంట గడిచేసరికి నా చేతులు ఉబ్బి వంకాయ రంగుకొచ్చాయి. అప్పుడు నూనె పోసి మోచేతి నుంచి మణికట్టు దాకా నులుముతారు. ఏడ్చినా వదలరు. నొప్పి చచ్చిపోయి ఎముక గట్టిపడుతుందట.

నా చేతులు నులిమింది రుస్లి.

అవే చేతులు, మావయ్యా. “కొత్తలో ఇంతే చెల్లెమ్మా, ఏడువు, సిగ్గుపడకు” అన్నాడు. నేను ఏడవలేదు. వాడి మెడనరం ఎక్కడ కొట్టుకుంటోందో చూస్తూ కూర్చున్నాను.

చేరేముందు అందరితో ప్రమాణం చేయిస్తారు. తల్లిదండ్రుల మాట మీరననీ, కోపంతో చెయ్యెత్తననీ. అందరితోపాటు నేనూ పెదవులు కదిపాను. గొంతు మాత్రం కలపలేదు.

ఇక్కడ వాడికి మంచి పేరుంది. ముసలివాళ్ళని వీపున మోసుకొస్తాడు, ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోడు. మంచివాడని చెబుతుంటే నాకు ఇంకా కడుపు మండుతోంది. ఈ మంచితనం అన్న మీద చూపించలేకపోయాడా?

శుక్రవారం నమాజుకి అందరూ వెళ్ళాక నూనె వాకిట్లో వాడొక్కడే పొయ్యి చూస్తుంటాడు. పులిగోరు లాంటి మన వంకర కత్తి నా కొప్పులో ఉంది. పైఎత్తు లేకపోయినా ఫరవాలేదు.

అస్నిమార్


చిమాందే
1975 జూన్ 21

మావయ్యా,

నిన్న జరిగింది రాస్తున్నాను.

వాడు వంగి పొయ్యిలో కట్టెలు ఎగదోస్తున్నాడు. నేను కొప్పులోంచి కత్తి తీశాను. ఎలా తిరిగాడో తెలీదు, నా మణికట్టు పట్టుకున్నాడు. నేను బాబే ముహ్తార్ నేర్పిన మోచేత్తో ముక్కు మీద పొడిచాను. రక్తం కారింది. వాడు వదల్లేదు. కిందికి దిగి మీరు నేర్పిన నాలుగడుగుల్లో మూడోది వేశాను. అంతే, వాడు నా చెయ్యి వదిలేసి రెండడుగులు వెనక్కి వేశాడు.

“ఈ అడుగు నీకెవరు నేర్పారు?”

నేను కత్తి మళ్ళీ ఎత్తాను.

“ఇది గురువుగారి అడుగు. మా ఊళ్ళో తప్ప ఎక్కడా లేదు.” అప్పుడు నా మొహంలోకి చూశాడు. “అస్నీ... నువ్వా తల్లీ?”

“అవును. మహ్యుదిన్ చెల్లెల్ని.”

వాడు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చేతులు రెండూ తొడల మీద పెట్టుకుని మెడ పైకెత్తాడు. “కానివ్వు. ఏడేళ్ళుగా ఎవరో ఒకరు వస్తారనే చూస్తున్నా. నువ్వొస్తావని అనుకోలేదు.”

కత్తి వాడి మెడకి ఆనించాను. నొక్కితే చాలు. “ఎందుకు చంపావ్?” అని అడిగాను. ఏం చెప్పినా నొక్కేద్దామనే అడిగాను.

“చంపాలని కాదు. గురువుగారు అరచెయ్యి బోర్లా తిప్పారు.”

ఆ సైగ నాకూ తెలుసు. మన ప్రదర్శనల్లో గురువు అరచెయ్యి పైకి ఉంటే ఉత్తుత్తి ఆట. బోర్లా తిప్పితే నిజంగా పడగొట్టమని.

“ముందురోజే పిలిచి చెప్పారు. ‘మహ్యుదిన్‌కి కళ్ళు నెత్తికెక్కాయి. నేను చెయ్యి తిప్పగానే పులి పట్టు వెయ్యి, ఊరందరి ముందూ మట్టి కరవాలి’ అని. ‘పైఎత్తు వాడికి తెలుసా?’ అని అడిగాను. ‘నాకు తెలుసు, అది చాలు’ అన్నారు. ఆ సాయంత్రం మా ఇంటి వెనకకొచ్చింది కూడా ఆయనే. ‘నువ్వు వెళ్ళిపో, మిగతాది నేను సర్దుతాను, నా పేరు ఎత్తకు’ అన్నారు. ఎత్తలేదు. ఇవాళే.”

కత్తి నా చేతిలోంచి ఎప్పుడు పడిందో తెలీదు.

వాడు అబద్ధం చెబుతున్నాడని రాయండి, మావయ్యా. ఒక్క మాట రాయండి చాలు. మళ్ళీ శుక్రవారం వస్తుంది, పొయ్యి మళ్ళీ వెలుగుతుంది. పని పూర్తి చేస్తాను.

అస్నిమార్


కోటో రావాంగ్
1975 జూలై 4

అస్నీ,

రుస్లి చెప్పింది నిజం.

ఈ వాక్యం రాసి రెండు రోజులు కాగితం పక్కన పెట్టేశాను. ఇంకేం రాసినా దాన్ని చెరపడానికే అవుతుందేమోనని.

మహ్యుదిన్ నాకంటే బాగా ఆడేవాడు. అది ఊరంతా చూసింది, నేనూ చూశాను. ఆ సంవత్సరం వాగు అవతల సొంత తాలింఖానా పెడతానన్నాడు. పదిమంది శిష్యుల ముందు “మావయ్య అడుగు పాతబడిపోయింది, మోకాళ్ళు కిర్రుమంటున్నాయి” అని నవ్వాడు. ప్రేమగానే నవ్వాడు, వాడి నవ్వే అంత. కానీ శిష్యులూ నవ్వారు. ఆ నవ్వు నా చెవిలోంచి పోలేదు. వాడొక్కసారి పడితే చాలనుకున్నాను. పైఎత్తు వాడికి నేర్పలేదు. నా తర్వాత నేనే ఉండాలని దాచుకున్నాను.

ఆ రాయి అక్కడుందని నాకు తెలుసు. ఆ గోదా కట్టింది నేనే.

నువ్వు సాము నేర్పమని వచ్చినప్పుడు, ఒకరిని పోగొట్టినందుకు ఇంకొకరిని తయారుచేస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. నిన్ను వెళ్ళొద్దన్నది నీ కోసమో నా కోసమో ఇప్పటికీ తేల్చుకోలేను. నా కోసమే అనుకుంటా.

రా. గోదాలో చేతులు కట్టుకుని నిలబడతాను. నీకేది తోస్తే అది చెయ్యి.

బుర్హాన్


జకార్తా
1975 జూలై 20

బుర్హాన్ మావయ్యకు,

చేతులు కట్టుకుని నిలబడతావా? అంత సుఖమైన చావు నీకు నేనివ్వను.

నీ ఉత్తరం రుస్లికి చదివి వినిపించాను. వాడు లేచి వెళ్ళి నూతి గట్టున కూర్చున్నాడు. వాళ్ళమ్మ పోయినప్పుడు కూడా ఊరికి రాలేదు వాడు. నీ పేరు దాచినందుకు వాడికి దక్కింది అది.

నేను చెప్పేది విను. మొదటిది, అమ్మకి నువ్వే చెప్పాలి. మన పెద్దింట్లో, కులపెద్దలందరినీ కూర్చోబెట్టి, రుస్లి వాళ్ళవాళ్ళని కూడా పిలిచి, సైగ ఎలా చేశావో చేసి చూపించి మరీ చెప్పాలి. రెండోది, తాలింఖానా తాళం చెవి అమ్మకిచ్చి ఊరు విడిచిపెట్టాలి. మూడోది, చిమాందే వెళ్ళి రుస్లి ముందు తెల్లబట్ట, కోడిపుంజు, కత్తి, మిరపకాయలు పెట్టి శిష్యుడిగా చేరాలి. వాడు కాదంటే గుమ్మం బయట కూర్చో.

నేను వచ్చే నెల ఓడలో వస్తున్నాను. రేవు దిగేసరికి నువ్వు ఊళ్ళో ఉండకూడదు. ఉంటే నా కొప్పులో ఏముంటుందో నీకు తెలుసు. కత్తి కనపడకుండా కొప్పు చుట్టడం కూడా నువ్వే నేర్పావు.

అస్నిమార్


చిమాందే
1975 అక్టోబరు 2

అస్నిమార్‌కు,

నువ్వు చెప్పినవన్నీ చేశాను.

పెద్దింట్లో అందరూ కూర్చున్నారు. చెప్పాను. అరచెయ్యి తిప్పి చూపించాను. రుస్లి పెదనాన్న నా మీదికి లేచాడు, మిగతావాళ్ళు పట్టుకున్నారు. మీ అమ్మ అరవలేదు, ఏడవలేదు. వంటగదిలోకి వెళ్ళింది. నేను ఆ ఇంట్లో తినే పళ్ళెం ఒకటుంది కదా, మా అమ్మ నాటిది. అది తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. “ఇది కూడా తీసుకెళ్ళు. ఈ ఇంట్లో దీన్ని కడగడం ఇక నావల్ల కాదు” అంది. యాభైరెండేళ్ళలో నన్ను పేరు పెట్టి గానీ, తమ్ముడూ అని గానీ పిలవకుండా మాట్లాడడం అదే మొదటిసారి.

ఇక్కడ మూడు రోజులు గుమ్మం బయట కూర్చున్నాను. రుస్లి నన్ను దాటుకుని వెళ్ళేవాడు, వచ్చేవాడు. నాలుగో రోజు “లోపలికి రా” అన్నాడు. గురువుగారూ అనలేదు. చిన్నవాళ్ళ వరసలో కూర్చోబెట్టి నా ఎదుట తనే కూర్చున్నాడు, మోకాలికి మోకాలు. కొట్టడం మొదలుపెట్టాడు. నేను అడ్డుకుంటూ పోయాను. వాడు ఆపలేదు. చుట్టూ టకటకలన్నీ ఆగిపోయాయి. మా ఇద్దరిదే మిగిలింది. కుడి ముంజేయి విరిగింది. విరిగిన చప్పుడు ఇద్దరం విన్నాం.

అప్పుడు వాడు ఏడ్చాడు. ఏడుస్తూనే ఎముక సరిచేసి వెదురుబద్దలు కట్టాడు. “నువ్వు నా చేత ఇలాంటివే చేయిస్తావు” అన్నాడు.

అందుకే ఇది ఎడమచేతి రాత.

రుస్లి ఈ వారం ఊరికి బయల్దేరుతున్నాడు. ఎవరూ ఏమీ అనరని చెప్పాను. నేనొకటి అడగొచ్చా? మహ్యుదిన్ పోయిన రోజు వచ్చే నెల్లో వస్తుంది. ఒక్క పూట, వాడి సమాధి దగ్గర కూర్చుని వెళ్ళిపోతాను. పెద్దింటి వైపు రాను. నువ్వు సరే అంటేనే.

బుర్హాన్


కోటో రావాంగ్
1975 నవంబరు 11

బుర్హాన్ మావయ్యకు,

రావద్దు.

రుస్లి వచ్చాడు. బస్సు దిగి నేరుగా సమాధి దగ్గరికి వెళ్ళి మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. అమ్మ పిలిపించి అన్నం పెట్టింది. నేను ఆ పంక్తిలో కూర్చోలేదు. సైగ నీదే, చేతులు మాత్రం వాడివే. అది వాడికీ చెప్పాను. “తెలుసు చెల్లెమ్మా” అన్నాడు. వాళ్ళమ్మ ఇంట్లో ఉంటున్నాడు, కప్పు బాగుచేసుకుంటున్నాడు.

తాలింఖానా తెరిచాను. గోదా అంచున రాళ్ళన్నీ పీకించాను. పద్నాలుగు మంది వస్తున్నారు, ఐదుగురు ఆడపిల్లలు. పులి పట్టుకు పైఎత్తు రుస్లి దగ్గర నేర్చుకున్నాను, ఏడేళ్ళలో వాడంతట వాడే కనిపెట్టాడట. నాలుగు రోజుల పని. దాచుకునేంత గొప్పదేం కాదు అది. మొదటి వారమే అందరికీ నేర్పేస్తున్నాను.

నీ మీద కోపం తగ్గిందనుకోకు. పొద్దున లేస్తే నాకంటే ముందు అదే లేస్తుంది. ఊరంతా నిన్ను తిట్టడం మానేసి మరిచిపోతున్నారు, నాకు దానిమీద కూడా కోపమే.

ఇకమీదట ఉత్తరాలు రాయవద్దని రాద్దామని ఈ కాగితం తీశాను. అమ్మ పక్కనే కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది.

“ఏం రాస్తున్నావే?” అంది.

“రావద్దని.”

“మంచిది” అంది. గిన్నె నిండేదాకా ఒలిచింది. లేచి, పొట్టు దులుపుకుని, గుమ్మం దాకా వెళ్ళి అక్కడే ఆగింది.

“చెయ్యి అతుక్కుందేమో అడుగు” అంది.

అడుగుతున్నాను. అతుక్కుందా? అడిగింది అమ్మ, నేను కాదు.

అస్నిమార్